తాతమ్మ ముందుపళ్ళు

పన్ను నొప్పి ఎవరికైనా వస్తుంది. వస్తే లవంగం పెట్టుకుంటారు, తగ్గకపోతే టెక్కలి పోయి పీకించుకుంటారు, ఆ రోజుకి ఐస్‌క్రీం తిని పడుకుంటారు. దాని గురించి చెప్పుకోవడానికేముంది అంటే, ఏమీ లేదు. కాకపోతే ఆ పన్ను తాతమ్మది, ఆ ఊరు గవ్వలపేట.

గవ్వలపేట భావనపాడుకి కాస్త ఇవతల, ఇసక మీద కూచున్న ఊరు. మగాళ్ళు వేటకెళ్తారు, ఆడాళ్ళు చేపలమ్ముతారు. తాతమ్మ ఎండుచేపలమ్ముతుంది, దాంతోబాటు దిష్టి తీస్తుంది. అత్తగారు పోయేముందు చెవిలో చెప్పిన మంత్రం ఒకటుంది. గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని, ఆ మంత్రం నోట్లో గొణుక్కుంటూ తిప్పి పొయ్యిలో వేసిందంటే, పాలు కక్కే పిల్ల పాలు తాగుతుంది, ఖాళీగా వచ్చే వల బరువుగా వస్తుంది. రాకపోతే అది సముద్రం తప్పు. ఎవరు ఫైబరు తెప్ప కొన్నా, మోటారు సైకిలు కొన్నా, ఇంటికి ఏసీ పెట్టించినా ముందు తాతమ్మకి కబురొస్తుంది. ఏసీకి దిష్టేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. పక్కింటివాడి చూపు ఎంత వేడిగా ఉంటుందో ఏసీ కొన్నవాడికే తెలుసు.

అంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ వైపు ఊళ్ళలో ఇంకో మాట కూడా ఉంది. తీయడం వచ్చినవాళ్ళకి పెట్టడం రాదా అని. ఆ పెట్టడాన్ని చిల్లంగి అంటారు. కక్షకొద్దీ ఒకరి మీద మంత్రం వేస్తే ఆ మనిషికి తిండి సహించదు, మందు పనిచేయదు, ఎండుకట్టెలా అయిపోతాడు. ఫలానావాళ్ళు చిల్లంగి పెట్టారని అనుమానం వస్తే ఊరంతా కలిసి పట్టుకుని ముందుపళ్ళు పీకేస్తారు. పళ్ళు లేని నోట్లో మంత్రం నిలవదని నమ్మకం. ఇదేదో తాతలనాటి ముచ్చటనుకునేరు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక కూడా జరిగింది, పీకినవాళ్ళని పోలీసులు జైల్లో పెట్టాక కూడా జరిగింది. కేసులకి జడిసి పీకడం తగ్గించారేమో గానీ చూడటం మానలేదు. దిష్టి తీసే మనిషికి ముందుపన్ను లేదంటే, ఏ డాక్టరు దగ్గరికెళ్ళావని అడిగేవాడు ఒక్కడుండడు. ఏ ఊళ్ళో దొరికిపోయిందో అంటారు. అదీ ఆమెతో కాదు, వాళ్ళలో వాళ్ళు.

మాఘమాసంలో తాతమ్మ కొత్తవలస వెళ్ళింది, పిన్నత్త మనవరాలి పెళ్ళికి. ఒక్కతే రైల్లో వెళ్ళి ఒక్కతే వచ్చింది. అక్కడ ఆమెకి జరిగిన అన్యాయమల్లా ఒకటే. చలిమిడితో పాటు పెట్టిన జంతిక రాయిలా ఉంది. దాన్ని కొరికినప్పుడు పైవరస మధ్యలో రెండు పళ్ళు కలుక్కుమన్నాయి. ఇంటికొచ్చాక కదలడం మొదలెట్టాయి. శివరాత్రి వెళ్ళేసరికి చిగురు వాచి, పెదవి ఉబ్బి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పంటి బిగువున భరించడమని ఊరికే అంటాం గానీ, బిగించాల్సిన పళ్ళే అవయితే మనిషి దేనితో భరిస్తుంది?

మొదట కనిపెట్టింది కోడలు అరుణశ్రీ. తాతమ్మ కొడుకు ఎల్లాజీ గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికెళ్ళాడు, వానలకి గానీ రాడు. ఇంట్లో అత్తాకోడళ్ళూ, ఏడాది నిండి గోడ పట్టుకుని నడుస్తున్న మనవరాలు ఝాన్సీ, అంతే. ఆ పిల్ల తల్లి దగ్గర పాలు తాగేది, మిగతా పొద్దంతా నాయనమ్మ ఒళ్ళో ఉండేది. చేపల కంపు కొట్టే ఆ చీరకొంగు నోట్లో పెట్టుకుంటే గానీ దానికి నిద్రపట్టదు. తాతమ్మ లోకంలో చాలామందితో తగువులు పెట్టుకుంది, చాలామందిని కాదనుకుంది. ఈ గుంటపిల్లని మాత్రం కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంది. ఇది లేకుండా తను బతకలేనని తనకి తెలుసు, ఆ సంగతి పైకి అనడానికి కూడా సిగ్గుపడేది కాదు.

"అత్తా, మొకం ఏటలాగున్నాది?" అంది అరుణశ్రీ.

"ఏటీ నేదే. వేడి సేసింది."

"వేడి సేస్తే ఒక్క పెదివే వాస్తాదేటి? నోరు తియ్యి సూద్దాం."

తియ్యక తప్పలేదు. చూసి అరుణశ్రీ ముక్కు మూసుకుంది. "ఓలమ్మ, సీవు పట్టీసింది. రేపు టెక్కలి ఎల్దాం, పీకించీసుకో."

"పీకించీసుకుంటే ఈ ఊర్లో ఎలగ తిరగడవే?" అంది తాతమ్మ. "ముందరివి రెండూను. ఏటనుకుంటారో నీకు తెల్దా?"

అరుణశ్రీకి తెలుసు. ఆమెదీ ఆ తీరమే. "పీక్కపోతే సీవు మెదడుకెక్కీస్తాదంట. నాను ఫోన్లో సూసినాను," అంది. "సచ్చిపోతే మటుకు ఈ ఊర్లో తిరుగుతావేటి?"

అత్తాకోడళ్ళిద్దరూ కలిసి ఉపాయం ఆలోచించారు. ఊళ్ళో శ్రీకూర్మం వెళ్తున్నామని చెప్పారు, కూర్మనాథుడి మొక్కు తీర్చుకోవడానికని. పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కి టెక్కలిలో దిగారు. దేవుడి పేరు చెప్పి పన్ను పీకించుకోవడం తప్పే, కాదనను. కానీ అసలు పేరు చెప్పి వెళ్ళే దారి ఉంటే వాళ్ళు మాత్రం ఎందుకు దాస్తారు?

పళ్ళ డాక్టరు అనూరాధ అక్కడి బట్టల షాపువాళ్ళమ్మాయి. క్లినిక్ లోపల ఎక్స్‌రే మిషనూ, నీలం లైటూ, గాజు తలుపుకి నిమ్మకాయా మిరపకాయలూ. నోరు చూసి రెండూ తీసెయ్యాలంది. తీసిన పూటే కొత్తవి పెట్టమని తాతమ్మ పట్టుబట్టింది.

"పుండు మానాలి కదమ్మా. మూణ్ణెల్లు పోయి మానాక కడతాను," అంది డాక్టరు. నవ్వుతూ, "ఇప్పుడు అందానికి తొందరేమొచ్చింది?" అని కూడా అంది.

"అందానికి కాదమ్మా, ఊరికి," అంది తాతమ్మ. "నాను దిష్టి తీస్తాను."

డాక్టరు నవ్వు ఆగిపోయింది. టెక్కలిలో పుట్టి పెరిగిన మనిషి, ఇంకేమీ అడగలేదు. సూది పొడిచింది. అరుణశ్రీ ఒక చంకన పిల్లనీ, ఇంకో చేత్తో అత్త చేతినీ పట్టుకుని నించుంది. పళ్ళు రెండూ గిన్నెలో టక్కుటక్కుమని పడ్డాయి. అంతా అయ్యాక చేతులు కడుక్కుంటూ డాక్టరు, "మా బాబుకి ఎప్పుడూ జలుబే. పళ్ళు కట్టాక ఒకసారి వచ్చి దిష్టి తియ్యమ్మా," అంది. కట్టాకనే ఎందుకో ఆమె చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

అక్కణ్ణుంచి తాతమ్మ కొంగు మూతి మీద నుంచి దిగలేదు. నోరు పూసిందంది. జలుబంది. దుమ్మంది. దిష్టి తీయమని వచ్చినవాళ్ళకి కొంగు చాటునే గొణిగి పంపింది. ఊరిని ఏమార్చడం ఎంత సులువో అనుకుంది కూడా. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కొంగే ఊరందరినీ పిలిచి చూపిస్తోందని ఆమెకి తట్టలేదు.

ఈలోగా వేట నిషేధం వచ్చింది. తెప్పలన్నీ ఒడ్డుకి చేరాయి. మగాళ్ళందరికీ పనీపాటా లేకుండా పోయింది. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు, ఆ రోజుల్లో గవ్వలపేటలో పిల్లులు కూడా జాగ్రత్తగా ఉండాల్సొచ్చేది. సరిగ్గా అప్పుడే ధనరాజు పెళ్ళాం ఈశ్వరి మంచం పట్టింది.

ధనరాజు ఊరిపెద్ద. తాతమ్మ మొగుడికి తమ్ముడి వరస, ఆమెని వదినా అని పిలుస్తాడు. ఈశ్వరికి అన్నం చూస్తే వికారం, నీళ్ళు తాగినా కక్కు. మనిషి సగమైపోయింది. శ్రీకాకుళం తీసుకెళ్ళాడు, విశాఖపట్నం తీసుకెళ్ళాడు. రక్తం తీశారు, స్కానింగులు తీశారు, కెమెరా లోపలికి పంపి చూశారు. అన్నీ నార్మలన్నారు. డాక్టర్లు ఆ మాట అన్నది ధైర్యం చెప్పడానికే. గవ్వలపేటలో దానికి అర్థం వేరు. మిషన్లన్నీ వెతికినా రోగం దొరకలేదంటే అది రోగమే కాదన్నమాట. స్కానింగు సెంటరువాళ్ళే చిల్లంగి అని కాగితం రాసిచ్చినా ఊరు అంత గట్టిగా నమ్మేది కాదేమో.

తాతమ్మే వెళ్ళి రెండుసార్లు దిష్టి తీసింది, కొంగు చాటునే. ఈశ్వరికి తగ్గలేదు.

ఆ వారంలోనే ఎండుచేపల వ్యాపారి వ్యానేసుకుని వచ్చాడు. నిషేధం రోజుల్లో ఎండు నెత్తళ్ళకి గిరాకీ ఎక్కువ, అయినా వాడు మామూలు రేటే ఇస్తానన్నాడు. పక్కనే చేపలమ్మే తవిటమ్మ, తాతమ్మకి చెల్లెలి వరస, తన బుట్ట కాటాకెక్కించేసింది. ఆమె నోరు లేనిది. తాతమ్మకి నోరే ఆస్తి. కొంగు కప్పుకుని బేరమాడి చూసింది, వాడికి సగం మాట వినబడలేదు. వినబడనట్టు నటించాడో ఏమో. కాసేపటికి వాడు ఆమె నెత్తళ్ళు వేళ్ళతో కెలికి, ఇసక కలిపారన్నాడు.

అంతే. తాతమ్మ కొంగు తీసి నడుముకి దోపి, వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టింది. అంత కమ్మగా తిట్టి చాలా రోజులైందేమో, ఆపబుద్ధి కాలేదు. వ్యాపారి రేటు పెంచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాల్సింది, ఎవరూ నవ్వలేదు. తవిటమ్మ తాతమ్మ నోటికేసి చూస్తోంది. తాతమ్మకి అప్పుడు గుర్తొచ్చి కొంగు లాక్కుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టయింది.

"అప్పా, పళ్ళేవీ?" అంది తవిటమ్మ, చాలా మెల్లగా.

"రాలిపోనాయి."

"రెండూనా?"

సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది, తుఫాను షెల్టరు దగ్గరికి రమ్మని.

తుఫాను వస్తే ఊరు తలదాచుకునే మేడ అది. తుఫాను లేనప్పుడు తగువులు తీర్చుకుంటారు. మెట్ల మీద పెద్దలు కూచున్నారు, కింద నీడలో ఊరు కూచుంది. అరుణశ్రీ ఝాన్సీని చంకనేసుకుని అత్త పక్కనే నించుంది. దడుపు కనబడకూడదని తాతమ్మ చేతులు కట్టుకుంది.

ధనరాజు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఎదురు తిరగొచ్చు. కళ్ళు లోతుకి పోయి, గడ్డం పెరిగి, రాత్రిళ్ళు పెళ్ళాం మంచం పక్కన కూచుని కూచుని మనిషి వడిలిపోయాడు.

"వదినా, నాను గొడవకి రానేదు," అన్నాడు. "ఆ పళ్ళ సంగతేటో సెప్పీ సాలు."

తాతమ్మ నోరు విప్పేలోపే అరుణశ్రీ అందుకుంది. "సినమావా, ఆ సంగతి నానడుగు, నాను సెప్తాను. పుచ్చిపోతే టెక్కలిలో పీకించినాం. నా సెయ్యి ఒదల్నేదు అత్త. అనుమానమైతే డాక్టరమ్మతో మాటాడు." అంటూనే ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

పాపం, డాక్టరు ఎత్తింది. "అవునండీ, నేనే తీశాను. చిగురు బాగా దెబ్బతింది," అంది. ఆ గొంతు షెల్టరంతా వినబడింది.

ఇంక అయిపోయిందనుకుంది అరుణశ్రీ. చదువుకున్న పిల్ల, నిజం రుజువైతే తగువు తీరిపోతుందని ఎక్కడో చదివి ఉంటుంది. తాతమ్మ మాత్రం ధనరాజు మొహమే చూస్తోంది. ఆ మొహంలో భయం పెరిగిందే గానీ తగ్గలేదు.

"అయితే ఎవులూ పట్టుకోనేదన్నమాట," అన్నాడు ధనరాజు. "డాక్టరు సూదేసి పీకితే అది వైద్దవే గదా. మంత్రం ఎక్కడికి పోద్ది? అలగే ఉన్నాది." మళ్ళీ, "ఏ తప్పూ నేకపోతే శ్రీకూర్మం పేరెందుకు సెప్పినారు? మూతి మీద కొంగెందుకు? ఈశ్వరి మంచం కాడికొచ్చి కొంగు సాటున ఏటి సదివినావొదినా?" అన్నాడు.

జనంలో గుసగుస లేచింది. నిజమే కదా అంటున్నారు. దాచినందుకు ఇది శిక్ష. దాచకపోయినా ఇదే శిక్ష పడేదని వాళ్ళకెవరు చెప్తారు?

"ఇప్పుడు రెండే దార్లున్నాయి," అన్నాడు ధనరాజు. "ఎక్కడో దొరికిపోనావు, ఆళ్ళు పళ్ళు కదిపీసినారు, మంత్రం ఇరిగిపోయిందంటే, నువ్వు కోరల్నేని పామువి. నీ మీద మాకు పగ నేదు. ఈశ్వరి మీద ముందెప్పుడో పెట్టినది తీసీసినానని ఒక్క మాట అను, ఇక్కడే ఉండు, నీ మనవరాలినాడించుకో. నేదు, ఎవులూ పట్టుకోనేదంటావా, అప్పుడు ఊరొదిలి ఎల్లిపోవాల. అరుణశ్రీ, పిల్ల ఇక్కడే ఉంటారు. ఎల్లాజీ మన కుర్రోడు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిజం చెప్తే వెళ్ళగొడతారు. అబద్ధం చెప్తే ఉండనిస్తారు, కానీ చిల్లంగి మనిషిగా ఉండాలి. ఇంత వయసొచ్చాక ఎక్కడికెళ్తుంది? వెళ్ళినచోట ఎవరి పిల్ల ఆమె కొంగు నోట్లో పెట్టుకుని పడుకుంటుంది? ఝాన్సీ చంకలోంచి వంగి, నాయనమ్మ చెవిపోగు అందుకోవాలని చూస్తోంది. పరువుదేముంది, నెత్తళ్ళ కన్నా చవక.

"అరుణా, నువ్వూరుకో," అంది తాతమ్మ. తర్వాత కొంగు తీసేసి, ఊరందరికీ ఆ ఖాళీ కనబడేట్టు నోరు తెరిచింది. "డాక్టరమ్మ పీకిందన్నది నిజవే. కదిపింది ఆవిడ కాదు. మాఘమాసంలో నాను కొత్తవలస ఎల్నాను, మీకందరికీ తెల్సు."

ఇక మొదలెట్టింది. అమ్మకానికి కూచుంటే ఇసకని ఎండుచేప అని చెప్పి అమ్మగల మనిషి ఆమె. సగం చెప్తే ఎవరూ కొనరని తెలుసు. అందుకని పూర్తిగా చెప్పింది. కొత్తవలస అవతల కొండ కిందో ఊరుందనీ, పెళ్ళయ్యాక అక్కడ తెలిసినవాళ్ళింటికి వెళ్ళాననీ, వాళ్ళ పక్కింటావిడ మీద మంత్రం వేశాననీ అంది. ఎందుకు వేశావని ఎవరో అడిగితే, ఆవిడ నా చీర చూసి నవ్వింది, అంది. అది విని ఆడాళ్ళు తలలూపారు. కరెంటు స్తంభానికి కట్టారంది. ఎర్రపిడి పట్కారు తెచ్చారంది. తన తల పట్టుకున్న కుర్రాడు ఏడుస్తూ, కదలకే అమ్మా కదలకే, అన్నాడంది. పళ్ళు కదిలాయి గానీ ఊడలేదు, ఈలోగా ఎవరో ముసలాయన వచ్చి పోలీసులొస్తారని ఆపేశాడంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఎలా మండిందో, రైల్లో మూతికి గుడ్డ కట్టుకుని ఎలా వచ్చిందో, అది కూడా చెప్పింది. నిజానికి ఆ రైల్లో ఆమె పక్కన కూచున్న సోంపేట బామ్మగారితో సొరచేప వేపుడు గురించి మాట్లాడుకుంటూ వచ్చింది.

తవిటమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పట్కారు పట్టుకున్నవాళ్ళలో తామే ఉన్నట్టు మగాళ్ళు కొందరు తలలొంచుకున్నారు.

"ఈశ్వరి మీదున్నది?" అన్నాడు ధనరాజు.

"తీసీసినాను."

ధనరాజు మెట్ల మీంచి దిగొచ్చి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు. తగువు తీరిపోయింది. అందరూ లేచి, నీళ్ళు తాగి, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ఇంత సాఫీగా తెగిన తగువు ఆ షెల్టరు చూడలేదు.

దారిలో అరుణశ్రీ మండిపడింది. "నానంత గట్టిగా సెప్పి, డాక్టరమ్మ సేత సెప్పిస్తే, అలగెందుకు ఒప్పుకున్నావత్తా? నన్ను అబద్దాలకోరుని సేసీసినావు."

"ఒప్పుకోకపోతే నన్ను తరివేసీవోళ్ళే. నీ నిజం నన్ను బస్సెక్కించీసేది," అంది తాతమ్మ. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపు లాంటి నవ్వే అనుకోండి, నవ్వే. ఇంటికెళ్ళి గంజన్నం తిన్నారు. పిల్ల ఎప్పట్లాగే నాయనమ్మ ఒళ్ళో కొంగు చప్పరిస్తూ నిద్రపోయింది. తాతమ్మకి చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది. పోయింది పోయింది, ఉండవలసింది ఒళ్ళో ఉంది, అనుకుంది.

పొద్దు వాలేవేళకి తవిటమ్మ గుమ్మం దగ్గరికొచ్చింది, లోపలికి రాకుండా అక్కడి నుంచే చెప్పింది. ధనరాజు ఇంటికెళ్ళి సంగతంతా చెప్పగానే ఈశ్వరి లేచి కూచుందట. గ్లాసుడు అంబలి తాగిందట. కక్కలేదట.

"మంచిదే గదా," అంది తాతమ్మ. నిజంగానే సంతోషించింది.

తవిటమ్మ వెళ్ళిపోయాక అరుణశ్రీ చేట ముందేసుకుని బియ్యం ఏరడం మొదలెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే, "అత్తా, ఆ పట్కారు పిడి ఎర్రగుంటాదని ఎలగ తోసింది నీకు?" అంది.

"మనింట్లో ఎల్లాజీ ఇంజను డబ్బాలో నేదేటి? ఎర్రపిడిదే గదా. అదే సెప్పీసినాను."

"ఓహో." ఇంకో గుప్పెడు బియ్యం ఏరింది. "ఆ గుంటడు ఏడిసినాడన్నావే, అది?"

"అలగ సెప్తే నమ్ముతారని సెప్పినానే."

"అవునవును. నాను కూడా నమ్మీసినాను," అని నవ్వింది అరుణశ్రీ. రాయొకటి ఏరి పారేసి, "నువ్వు తీసీసినాననగానే ఈశ్వరత్త లేసి కూకుందంట. ఇసిత్రం కాదేటి?" అంది.

"మొగుడు ధైర్యం సెప్పినాడు, లేసింది," అంది తాతమ్మ.

"అంతే అయ్యుంటాది," అంది అరుణశ్రీ.

తాతమ్మ కోడలి మొహంకేసి చూసింది. ఆ మొహంలో చెడు ఏమీ లేదు. క్లినిక్‌లో చెయ్యి పట్టుకున్న పిల్లే, ఊరందరి ముందూ తన తరఫున నిలబడ్డ పిల్లే. ఆ రెండు పళ్ళూ గిన్నెలో పడటం కళ్ళారా చూసింది, కానీ కొత్తవలస తనతో రాలేదు. పళ్ళు ఎలా కదిలాయో చూసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. జంతిక మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎర్రపిడి పట్కారు ముందు జంతిక ఏం నిలబడుతుందని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న తాతమ్మ పీట మీద కూచుని, రోజూలాగే చేతులు చాపింది. లోపల అరుణశ్రీ పిల్లకి నీళ్ళు పోసి, పౌడరు రాసి, గౌను తొడుగుతోంది. ఎందుకో ఆలస్యం చేసింది. తీసుకొచ్చి, "ఇదిగో అత్తా," అని ఒళ్ళో కూచోబెట్టింది. నవ్వుతూనే కూచోబెట్టింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఝాన్సీ బుగ్గ మీద రూపాయంత నల్లబొట్టు ఉంది. అరికాలిలో ఇంకోటి. కాటుక ఇంకా తడిగానే ఉంది, తాతమ్మ చేతికి అంటుకుంది.

పిల్లని బయటికి తీసుకెళ్తేనే ఆ ఇంట్లో నల్లబొట్టు దిద్దుతారు, నలుగురి కళ్ళూ పడతాయని. ఆ పొద్దున్న ఝాన్సీ గడప దాటలేదు. గదిలోంచి నాయనమ్మ ఒళ్ళోకి వచ్చింది, అంతే.